జమ్మలమడుగు మిద్దె మీది తీగ

మా రిలే కేంద్రాన్ని మూసేసిన మర్నాడు ఒక్క ఫోను కూడా రాలేదు.

టీవీ కార్యక్రమాలను ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊళ్ళకు అందించే చిన్న కేంద్రం అది. నా ఉద్యోగం దాదాపు అంతా అక్కడే గడిచింది. ఎక్కడో తయారైన బొమ్మను ఆకాశం నుంచి పట్టుకుని మళ్ళీ గాలిలోకి వదలడం మా పని. ఒక గది, ఒక ఇనుప స్తంభం, ఒక జనరేటరు, ఒక కుర్చీ. వంతులవారీ డ్యూటీ కాబట్టి తోటి ఉద్యోగి మొహం చూసేది తాళంచెవి చేతులు మారేటప్పుడే. తొలిరోజుల్లో బొమ్మ ఆగిపోతే జనం గేటు దగ్గరికి వచ్చి నన్నూ, నా ఏడు తరాలనూ కలిపి తిట్టేవారు. ఆ తిట్లు వింటుంటే నాకు లోపల సంతోషంగానే ఉండేది. ఎవరో చూస్తున్నారన్నమాట. తర్వాత ఇంటింటికీ కేబులు వచ్చింది, మిద్దెల మీద డిష్ గొడుగులు లేచాయి, తిట్లు ఆగిపోయాయి. పైనుంచి ఉత్తర్వు వచ్చాక మీట కిందికి దించి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి టెలిఫోను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా చూసి, ఫోను చెడిపోయిందేమోనని రిసీవరు ఎత్తి చూశాను. బాగానే ఉంది.

ఉద్యోగం గురించి రాయమని, రేడియో నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన మీ కుర్రవాళ్ళు అడిగారు. నిజం చెబితే ఆ ఉద్యోగం గురించి అంతకంటే రాయడానికేమీ లేదు. పంపడమే తప్ప జవాబు రాని పని అది. అందుకే ఆ పని పక్కన నడిచిన ఇంకో పని గురించి రాస్తాను. అందులో జవాబు ఉండేది.

ఇది రాస్తుంటే సాయంత్రం కావస్తోంది. కిటికీ అవతల కీచురాళ్ళు ఒకటే రొద. కాసేపట్లో లేచి సెట్టు ముందు కూర్చోవాలి. ఎందుకో చివర చెబుతాను.

హామ్ రేడియో అంటే మీలో కొందరికి తెలుసు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత ఇంట్లో సెట్టు పెట్టుకుని, మిద్దె మీద రాగితీగ కట్టి, తోటి హాములతో మాట్లాడుకోవడం. వ్యాపారం మాట్లాడకూడదు, రాజకీయం మాట్లాడకూడదు. మన జిల్లాలో ఇద్దరు మనుషులు రాజకీయం ఎత్తకుండా అరగంట మాట్లాడుకోవడం ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా క్లబ్బు అందుకోసమైనా బతకాలని నాకు అనిపించేది.

క్లబ్బు అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. కొత్తవాళ్ళు వచ్చి పోతుండేవారు, నిలిచింది నలుగురం. నేను ప్రొద్దుటూరు. పులివెందులలో ఒక మేడం, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. చాపాడు దగ్గరి పల్లెలో గొర్రెలు, నాలుగెకరాల సేద్యం ఉన్న ఒక రైతు. నోరు తెరిస్తే మైకు అక్కర్లేదు. జమ్మలమడుగులో మా పెద్దాయన, పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. రేడియోలో మేం ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం, ఇక్కడా అలాగే రాస్తాను.

ఏం చేసేవాళ్ళం? ఆదివారాలు ఒక బడిలో ఖాళీ గది అడిగి పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళం. ఏడాదికొకసారి గండికోట దగ్గర గుడారం వేసి, బ్యాటరీల మీద సెట్లు నడిపి, ఎంత దూరం వినపడుతుందో చూసేవాళ్ళం. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గర, జనంలో తప్పిపోయిన పిల్లల కబురు చేతిసెట్ల మీద అటూ ఇటూ అందించేవాళ్ళం. దాచిన సెట్టును వెతికే ఆట ఒకటి ఉండేది. ఒకరు చిన్న సెట్టును ఎక్కడో దాస్తే, మిగతావాళ్ళం చేతి యాంటెన్నాలు తిప్పుతూ అది ఏ దిక్కున పలుకుతోందో పట్టుకోవాలి. చాపాడు వంతు వచ్చినప్పుడు మేడం, నేను ఎండలో పూట పొడుగునా తిరిగాం. తూర్పు అనుకుని నడిస్తే సెట్టు ఉత్తరాన పలికేది. ఉత్తరానికి పోతే ఇంకోచోట. మేడం సూత్రాలన్నీ ఒకసారి నెమరేసుకుంది. చివరికి చూస్తే ఆ మహానుభావుడు దాన్ని పొట్టేలు మెడకు కట్టి మందలోకి వదిలాడు.

"దాచమన్యారు గానీ, కదలకుండా దాచమన్లేదు కదప్పా!" అన్నాడు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది సాయంత్రం పిలుపు. దీపాలు పెట్టే వేళకు పెద్దాయన సెట్టు ముందు కూర్చుని ఒక్కో ఊరినీ పిలిచేవాడు. పిలిచిన ఊరు పలకాలి. తను ఎట్ల వినపడుతున్నాడో అడిగేవాడు, మేం ఎట్ల వినపడుతున్నామో చెప్పేవాడు. మూడో ప్రశ్న ఏ రేడియో పుస్తకంలోనూ ఉండదు.

"ప్రొద్దుటూరూ, ఈ పొద్దు ఏం కూరప్పా?"

నేను పెళ్ళి చేసుకోలేదు; ఎందుకన్నది ఈ కథకు సంబంధం లేని విషయం. పెద్దాయనకు భార్య పోయి అప్పటికే చాలా ఏళ్ళైంది. పిల్లల్లేరు. ఒంటి మనిషి వంట ఎలా ఉంటుందో ఒంటి మనిషికే తెలుసు. మధ్యాహ్నం మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని పూట గడిపేయవచ్చు, అడిగేవాడెవడు? అడిగేవాడు ఉన్నాడు కాబట్టి, ఆయనకు జవాబు చెప్పాలి కాబట్టి నేను పొయ్యి వెలిగించిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. మీకు ఇది నవ్వులాటగా ఉండవచ్చు. నాకు మాత్రం రోజు మొత్తంలో నా గురించి ఎవరైనా అడిగే ప్రశ్న అదొక్కటే.

పెద్దాయన పెట్టిన నియమం ఇంకొకటి ఉండేది. ఎవరైనా వరసగా రెండు సాయంత్రాలు పలకకపోతే, ఇంకెవరో ఒకరు వాళ్ళ ఇంటికి మనిషిగా పోవాలి. ఫోను చేయడం కాదు, పోవాలి. మేడం ఒకసారి చెప్పకుండా పెళ్ళికి వెళ్తే, పులివెందులలో తాళం వేసిన ఇంటి ముందు మేం ముగ్గురం నిలబడి ఇరుగుపొరుగును బెదరగొట్టాం. ఆమె తిరిగొచ్చాక మమ్మల్ని కోప్పడింది గానీ, ఆ తర్వాత ఎప్పుడు ఊరెళ్ళినా ముందే చెప్పేది.

మా కేంద్రం మూతపడిన ఏడాదికి అటూ ఇటూగా పెద్దాయన బస్సుల్లో తిరగడం మొదలైంది. పొద్దున్నే నా తలుపు తట్టేవాడు. చేతిలో బొరుగుల పొట్లం.

"రెండు దినాల నుంచి పలకల్యా. ఒంట్లో బాగుండాదా?"

"పలికినా కదన్నా. నిన్న గోంగూర అని కూడా చెప్పినా."

ఆయన నా మొహంలోకి ఒక నిమిషం చూసేవాడు. "సరేలే. సిగ్నలు రాలేదేమో." బొరుగులు ఇద్దరం తిని, టీ తాగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేవాడు. అలాగే చాపాడుకూ, అలాగే పులివెందులకూ. మా అందరి జవాబూ ఒకటే: పలికాం. ఆయన సెట్టులో ఏదో తేడా ఉందని మేం అనుకున్నాం. ఆయన ఏమనుకున్నాడో మేం అడగలేదు.

అలా ఉండగా ఒక ఏడు వానలు విరగబడి కురిశాయి. మైలవరం గేట్లు ఎత్తుతారని చెప్పిన రోజు మధ్యాహ్నానికే సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు మా క్లబ్బును పిలవడం అధికారులకు అలవాటే. జమ్మలమడుగులో ఒక ఆఫీసు గదిలో పెద్దాయన సెట్టు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. ఎవరికి ఏ కబురున్నా ఆయనకు చెప్పాలి, ఆయన అధికారులకు చెబుతాడు. నేను ప్రొద్దుటూరులో నా ఇంట్లోనే సెట్టు ముందు ఉన్నాను.

చాపాడు రైతు బావమరిది కుటుంబం పెన్న ఇసుకలో గొర్రెల మంద దించి ఉంది. సంగతి తెలిసి రైతు గట్టు మీదికి పరుగెత్తేసరికి ఏరు రెండు పాయలై, వాళ్ళు అవతలి దిబ్బ మీద చిక్కుకుని ఉన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. అవతలి గట్టు నుంచి ఎవరైనా తాళ్ళతో రావాలి. అతను చేతిలో ఉన్న చిన్న సెట్టు మీద జమ్మలమడుగును పిలిచాడు. నాకు అతని గొంతు పక్క గదిలో మనిషి అరిచినట్టు వినపడింది.

పెద్దాయన జవాబు కూడా వినపడింది. "ఎవరన్నా పిలుస్తాండారా? ఏం అర్థం కాల్యా. మళ్ళీ చెప్పండి."

చాపాడు మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే జవాబు. నేను మధ్యలో దూరి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "మళ్ళీ చెప్పండి," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో ఎప్పుడూ లేని భయం ఉంది. నేను సెట్టు వదిలేసి, వానలో స్కూటరు తీసి, మా ఊరి పోలీసు స్టేషనుకు పోయి చెప్పాను. వాళ్ళు వాళ్ళ వైర్‌లెస్‌లో కబురు పంపారు. తాళ్ళు వచ్చాయి, మనుషులందరూ గట్టెక్కారు. కొన్ని గొర్రెలు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు ఏట్లో పోయాయి.

తర్వాతి ఆదివారం మేం కూడినప్పుడు చాపాడు మండిపడ్డాడు. పెద్దాయన ఆ రోజు రాలేదు, అదొక్కటే మంచిదైంది.

"నా గొంతు ఏటికి అవతల ఇనపడింది, జమ్మలమడుక్కు ఇనపడల్యా? ఆయప్ప మిద్దె మీద తీగ ఎప్పుడు కట్టినాడో! ఆఫీసుకు కూడా ఆ పాత సెట్టే ఎత్తకపాయె. ఈపొద్దు గొర్రెలు పోయినాయి, రేపు మనుషులు పోతారు. తీగ మార్చండి, సెట్టు మార్చండి, లేకుంటే మనిషిని మార్చండి!"

"మనిషిని మార్చేదేందన్నా?" అంది మేడం. "ఆయన పిలిచేది మనకు బాగానే ఇనపడతాంది. అంటే పంపేది బాగుంది, అందుకునేది బాగలేదు. తప్పు ఆడుంటాది. వెతుకుదాం."

ఆమె చెప్పిన తర్కంలో ఒక్క అక్షరం తప్పు లేదు. అందుకునేది బాగలేదు, నిజమే. మేం వెతకడం మొదలుపెట్టాం.

హాములకు ఒక జబ్బు ఉంది, మీరు ఈ దారిలోకి వస్తే మీకూ పట్టుకుంటుంది. ఏది వినపడకపోయినా ముందు తీగను అనుమానిస్తాం. మిద్దె మీది పాత రాగితీగ విప్పి కొత్తది కట్టాం. పెద్దాయన కింద కూర్చుని విని, "ఇంకా రాలేదప్పా," అన్నాడు. తీగ నుంచి సెట్టుకు వచ్చే కేబులు ఎలుక కొరికిందని మార్చాం. "ఇంకా రాలే." వెనక వీధిలో పిండిమర మోటారు వల్ల అనుకుని, మర యజమానిని బతిమాలి ఒక పూట ఆపించాం. "ఇంకా రాలే." నా సొంత సెట్టు ఊడదీసి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, ఆయనది నేను తీసుకుపోయాను. ఆయన పాత సెట్టులో మా ఇంట్లో నాకు లోకమంతా వినపడింది. నేను దానికి కూడా ఒక కారణం కనిపెట్టుకున్నాను: జమ్మలమడుగు నేలలో రాయి ఎక్కువ, ఎర్తింగు సరిగా దొరకదు.

ప్రతిసారీ ఆయన మాకు టీ పెట్టేవాడు. ప్రతిసారీ మమ్మల్ని ఒకలా చూసేవాడు, జాలిగా. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

చివరి ప్రయత్నంగా ఇంకా ఎత్తైన వెదురు నిలబెట్టాలని ఒక ఆదివారం పోయాం. మేడం పులివెందులలో తన సెట్టు దగ్గరే ఉండి మమ్మల్ని పిలుస్తూ ఉండాలి. చాపాడు మిద్దె మీద వెదురు పట్టుకుని నిలబడ్డాడు. నేను కింద పెద్దాయన గదిలో, ఆయన కుర్చీ వెనక. ఆయన ఎప్పటిలాగే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. అన్నీ మార్చాం, ఈ హెడ్‌ఫోన్లు మాత్రం మార్చలేదు కదా అని నాకు తోచింది. చెయ్యి చాపి ఆ ప్లగ్గు లాగేశాను. ఇక శబ్దం పెట్టెలోని స్పీకరు నుంచి రావాలి.

వచ్చింది. ఆయన వాల్యూము చివరికంటా తిప్పి ఉంచాడు కాబట్టి గది అదిరిపోయింది.

"జమ్మలమడుగు, జమ్మలమడుగు, పులివెందుల పిలుస్తాంది. ఇనపడతాందా సార్? జమ్మలమడుగు..."

పైనుంచి చాపాడు కేక వేశాడు. "వచ్చె! వచ్చె! మేడం గొంతు ఈడికి ఇనపడతాంది!" వీధిలో పోతున్న ఇద్దరు ఆగి కిటికీలోంచి చూశారు.

పెద్దాయన కళ్ళు మూసుకుని, ముందుకు వంగి, రెండు వేళ్ళతో ట్యూనింగు తిప్పే మరను ఒక వెంట్రుక అటు, ఒక వెంట్రుక ఇటు జరుపుతున్నాడు. ఎంత ఓపికగా జరుపుతున్నాడో! కాసేపటికి కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు.

"ఏం ల్యాప్పా. ఉత్త రొద."

ఇన్ని నెలలు మిద్దెలెక్కాం, తీగలు మార్చాం, పిండిమర ఆపించాం. ఈ మనిషి ఎదురుగా కూర్చుని టీ పోస్తుంటే తాగాం. ఒక్కరమంటే ఒక్కరం ఆయన చెవుల గురించి అనుకోలేదు. చాపాడు నవ్వుకుంటూ మెట్లు దిగి వచ్చి, గుమ్మంలో మా ఇద్దరినీ చూసి ఆగిపోయాడు. మేడం పిలుస్తూనే ఉంది.

మా మొహాలు చూసి ఆయనకు ఏదో తెలిసింది. మెల్లగా అరచెయ్యి ఎత్తి సెట్టు మీద పెట్టాడు. పెట్టె మేడం గొంతుకు వణుకుతోంది. ఆ వణుకు చేతికి తగిలింది.

"పలుకుతాందా?" అన్నాడు.

నేను తల ఊపాను.

"ఎప్పటి నుంచి?"

ఆయనకు కనపడేలా ఎదురుగా వచ్చి కూర్చుని చెప్పాను. "ఎప్పుడూ పలుకుతానే ఉండామన్నా. ఒక్క పొద్దు కూడా మానలే."

ఆయన సెట్టు మీది నుంచి చెయ్యి తీయలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీరు మానుకున్యారు అనుకుంటి. ఏరొచ్చిన పొద్దు ఏం రాకపోతే వాన రొద అనుకుంటి. నేను వచ్చి అడిగితే మొగమాటానికి పలికినాం అంటాండారు అనుకుంటి. ముసిలోని మనసు నొప్పించకూడదని తప్పు తీగ మీద పెట్టి, కొత్త తీగ, కొత్త కేబులు అని ఆడతాండారు అనుకుంటి. పాపం పిల్లోల్లు నా కోసం ఎంత తిప్పలు పడతాండారో అని నేనూ ఆడినా."

"మరి రోజూ ఎందుకు పిలిచినావన్నా?" చాపాడు అడిగాడు. అతని గొంతు అంత చిన్నగా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు.

"పిలవకుండా ఆ పొద్దు ఎట్ల గడిపేదిరా?"

మా కేంద్రంలో నేను కూర్చున్న కుర్చీ గుర్తొచ్చింది నాకు. నేను జీతానికి కూర్చున్నాను. ఆయన ఊరికే కూర్చున్నాడు, ఎవరూ లేరనుకుంటూ, అన్ని సాయంత్రాలు. అందరి ఎదుటా ఏడవడం నాకు చేతకాదు. మిద్దె మీద వెదురు పడిపోతుందేమో చూసొస్తానని పైకి పోయాను.

తర్వాత ఆయన విడమరిచి చెప్పాడు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టేసేవాడు. రేడియోకు పెదాలుండవు. "చెవిలో కీచురాయి కూచున్నాది. అది కూస్తాంటే ఇంగేం ఇనపడదు. మొదట్లో బయట కీచురాళ్ళే అనుకుంటి." ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించాం. డాక్టరు ఇచ్చిన చెవిమిషను పెద్దాయన సెట్టు దగ్గరికి వస్తే ఈల వేసేది. రెండు వారాలు చూసి దాన్ని సొరుగులో పడేశాడు.

"నన్ను తీసెయ్యండి," అన్నాడు. "ఇనపడనోడు పిలిచేదేంది?"

మనిషిని మార్చమన్న చాపాడే అడ్డుపడ్డాడు. "నువ్వు పిలువన్నా. పలికేది ఎట్లనో మేం చూసుకుంటాం."

దారి పెద్దాయన అరచేతిలోనే ఉంది. మాట చేతికి అర్థం కాదు గానీ, పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ అర్థమవుతాయి. పాతకాలపు టెలిగ్రాఫు భాష అదే కదా, మోర్సు. పోలీసు వైర్‌లెస్‌లో ఆయన బతుకంతా దాంతోనే నడిచింది. సెట్టు మూత విప్పి, స్పీకరును బయటికి తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టాం. ఆయన దాని నల్లకాగితం మీద చూపుడువేలు ఆనించాడు. నేను మా ఇంటికి వచ్చి మోర్సు కొట్టే కీ మీద నా ఊరి పేరు కొట్టాను. "ప్రొద్దుటూరు వచ్చింది," అన్నాడు పెద్దాయన, నోటితోనే. "ఏం కూరప్పా?"

మేడం పరీక్ష కోసం నేర్చి మరిచిపోయిన మోర్సును మళ్ళీ నేర్చుకుంది. చాపాడుకు అసలు రాదు, అతనిది మోర్సు అక్కర్లేని చిన్న లైసెన్సు. గొర్రెలు మేపుతూ చేతికర్రతో బండల మీద కొట్టి నేర్చుకుని, పై పరీక్ష రాసి పాసయ్యాడు. మొదటి సాయంత్రం అతను ఉలవచారు అని కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ ఆగి, ఆలోచించి, తప్పు కొట్టి, మళ్ళీ మొదటికి వచ్చి. మేమంతా ఊపిరి బిగబట్టాం. మూడోసారి మొదటికి వచ్చాక పెద్దాయన గొంతు వినపడింది.

"చారు అను చాలప్పా. వేలు తిమ్మిరెక్కె."

అలా కొన్నేళ్ళు బాగా జరిగాయి. ఆయన మాట, మా దెబ్బలు. ఒక ఎండాకాలం సాయంత్రం ఆయన పిలవలేదు. నియమం ప్రకారం ఇంకో సాయంత్రం చూడాలి. నేను చూడలేదు, వెంటనే బస్సెక్కాను. మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. స్పీకరు మీద దుమ్ము పడకుండా తువ్వాలు కప్పి ఉంది.

హాములలో ఒక ఆచారం ఉంది. పోయిన మనిషిని చివరిసారి పేరు పెట్టి పిలిచి, జవాబుకు ఆగినంతసేపు ఆగి, ముందుకు పోవాలి. ఆ పిలుపు నా వంతుకు వచ్చింది. జమ్మలమడుగు అని కొట్టాను, ఆగాను. ముందుకు పోవడం నా వల్ల కాలేదు. ఎంతసేపు ఆగి ఉంటానో తెలియదు, చాపాడు నుంచి రెండు చుక్కలు వచ్చాయి. మోర్సులో మాటలు ముగించుకుని సెలవు తీసుకునే గుర్తు అది. అప్పుడు మిగతావాళ్ళను పిలిచాను.

నేను రిటైరయ్యాను. మేడంకు దూరానికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన మీరు లాప్‌టాప్‌తో ఏవేవో చేస్తున్నారు, మంచిదే, మిమ్మల్ని తప్పు పట్టను. ఒక్కటి చెబుతాను. ఎవరైనా మీకు పలకడం లేదని తోస్తే, ఎవరికైనా మీరు వినపడడం లేదని తోస్తే, మిద్దె ఎక్కే ముందు ఆ మనిషి ఎదురుగా కాసేపు కూర్చోండి. మేం చేయనిది అదే.

సాయంత్రం పిలుపు ఇప్పుడు నాది. పిలిచేది ఒక్క చాపాడునే. ఏం కూర అని నేను అడుగుతాను, చెప్పి తను అడుగుతాడు. పెద్దాయన స్పీకరే నా బల్ల మీద ఉంది. ఈమధ్య చాపాడు సిగ్నలు బలహీనపడుతూ వచ్చింది. అతని తీగ పాతబడిందని అనుకున్నాను. నిన్న పలకలేదు, మొన్నా పలకలేదు. నియమం ప్రకారం ఇవాళే పోవాల్సింది గానీ, ఇంకొక్క సాయంత్రం చూసి, రేపు పొద్దున్నే చాపాడు బస్సు ఎక్కాలనుకున్నాను.

ఇక్కడి దాకా రాసి లేచి సెట్టు పెట్టాను. చాపాడును పిలిచి, ఏం కూర అని అడిగి, ఆగాను. ఏమీ లేదు. వాల్యూము ఇంకా పెంచాను. కీచురాళ్ళ రొద తప్ప ఏమీ లేదు. సంచిలో రెండు జతల బట్టలు సర్దుకోవాలి అనుకుంటుండగా తలుపు దగ్గర పక్కింటి అమ్మాయి నిలబడింది, చంకలో బిడ్డ.

"సార్, కొంచెం తగ్గించండి సార్. మూడు దినాల నుంచి ఆ కుయ్ కుయ్ శబ్దానికి బిడ్డ ఉలిక్కిపడి లేస్తాంది."

"ఏ శబ్దం?" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "అదో, ఆ పెట్టెలోంచి వస్తాంది కదా సార్. ఇప్పుడు కూడా."

ఈ ఏడు చినుకు పడలేదు. మా వీధిలో పచ్చగడ్డి పోచ లేదు. కీచురాళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

బల్ల దగ్గరికి వెళ్ళి చూపుడువేలు స్పీకరు కాగితం మీద ఆనించాను. కొట్టుకుంటోంది. పొడుగు, పొట్టి, పొడుగు. పొరపాట్లు లేకుండా, ఓపికగా, ఎన్నోసారో తెలియదు. చాపాడు తన ఊరి పేరు చెప్పి, చారు అని చెప్పి, నన్ను అడుగుతున్నాడు. కూర? కాసేపు ఆగి మళ్ళీ, కూర?

వంకాయ అని కొట్టాను. చాపాడు రెండు చుక్కలు పెట్టాడు, నేనూ పెట్టాను. నిజానికి ఈ పూట మజ్జిగన్నంతో సరిపెడదామనుకున్నాను. లేచి పొయ్యి వెలిగించాను.